ఇంజన్‌లో నీళ్లు: విమానాలు ఎందుకు తాగాయి, ఎందుకు మానేశాయి

క్లుప్తంగా: నీటికి మండే గుణం లేదు. అయినా 1940ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు ఫైటర్లు, బాంబర్లు, ప్రయాణికుల జెట్‌లు అదనపు బలం కావలసిన వేళ, ముఖ్యంగా టేకాఫ్‌లో, ఇంజన్‌లోకి నీళ్లు చిమ్ముకునేవి. ఆ నీరు వేడిని పీల్చుకుంటే, ఇంజన్ తన హద్దు దాటకుండా ఇంకాస్త ఇంధనం మండించుకోగలిగేది. పెద్ద ఫ్యాన్ ఉన్న ఇంజన్లు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. ఇప్పుడు ఇంధన ఖర్చు, కాలుష్యం తగ్గించే మార్గంగా నీరు మళ్లీ పరిశోధనల్లోకి వచ్చింది.

1971 సెప్టెంబరు 6న జర్మనీలోని హాంబర్గ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకి ఒక బీఏసీ 1-11 జెట్ బయలుదేరింది. పానింటర్నేషనల్ అనే సంస్థ విమానం అది. లోపల 115 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది. నేల విడిచిన కాసేపటికే రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు విమానాన్ని హైవే మీదే దించారు. దిగిన వేగానికి అది అక్కడున్న వంతెనని ఢీకొని ముక్కలైంది. 22 మంది చనిపోయారు.

దర్యాప్తులో కారణం తేలింది. టేకాఫ్ సమయంలో ఇంజన్లని చల్లబరచడానికి ఆ విమానంలో నీళ్ల ట్యాంకు ఒకటి ఉంది. అందులో నింపిన నీళ్లలో విమాన ఇంధనం కలిసింది. అంటే చల్లబరచాల్సిన ద్రవమే మంటని ఎగదోసింది. ఇంజన్లు తట్టుకోలేకపోయాయి.

నీళ్లలోకి ఇంధనం ఎలా చేరిందన్నది నిర్వహణ లోపానికి సంబంధించిన సంగతి. అంతకంటే మౌలికమైన ప్రశ్న వేరే ఉంది. కిరోసిన్ మండించి ఎగిరే జెట్‌కి అసలు నీళ్ల ట్యాంకు ఎందుకు? మంట మీద నీళ్లు పోస్తే ఆరిపోవాలి గానీ, బలం పెరగడమేమిటి?

ఎండాకాలం గాలి

మే నెల మధ్యాహ్నం శంషాబాద్ రన్‌వేని ఊహించుకుంటే సగం జవాబు దొరుకుతుంది. ఆ విమానాశ్రయం సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. ఉష్ణోగ్రత 42 డిగ్రీలు అనుకుంటే, అక్కడ ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.04 కిలోలు తూగుతుంది. ఇంజన్ల బలాన్ని లెక్కగట్టేది సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల గాలితో. ఆ గాలి 1.225 కిలోలు. తేడా పదిహేను శాతం.

ఇంజన్ మింగే గాలి తగ్గితే వెనక్కి చిమ్మే గాలి తగ్గుతుంది, థ్రస్ట్ (విమానాన్ని ముందుకి తోసే బలం) పడిపోతుంది. రెక్కలని పైకి లేపే గాలి కూడా పలచనే కాబట్టి విమానం మామూలు కంటే ఎక్కువ వేగం అందుకుంటే తప్ప లేవదు. తోసే బలం తగ్గి, కావలసిన వేగం పెరిగిందన్నమాట. 2017 జూన్‌లో అమెరికాలోని ఫీనిక్స్‌లో ఎండ 48 డిగ్రీలు దాటినప్పుడు కొన్ని చిన్న జెట్‌ల సర్వీసులు రద్దు చేయాల్సి వచ్చింది కూడా ఇందుకే.

బయటికి కనపడని ఇబ్బంది ఇంకొకటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టిన ప్రతివాళ్ల చేతికీ తెలిసిన విషయమే. జెట్ ఇంజన్‌లోని కంప్రెసర్ గాలిని అనేక రెట్లు నొక్కి మంట గదిలోకి పంపుతుంది. బయటి గాలే వేడిగా ఉంటే కంప్రెసర్ చివరికి వచ్చేసరికి అది మరీ వేడెక్కి ఉంటుంది. దానికి ఇంధనం మంట తోడైతే, మంట గది వెనక వేడి వాయువుల తోపుకి తిరిగే చక్రం, అంటే టర్బైన్, దాని బ్లేడ్లు భరించగలిగే ఉష్ణోగ్రత ఇట్టే వచ్చేస్తుంది. అది వచ్చాక పైలట్ ఎంత తోసినా లాభం లేదు, ఇంధనం తగ్గించుకోవాల్సిందే. టేకాఫ్ వేళ ఇంజన్‌ని ఆపేది ఇంధనం కొరత కాదు, వేడి.

కుండ చేసే పనే

కుండలో నీళ్లు చల్లగా ఉండటానికీ, కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడిక గుండా చల్లగాలి రావడానికీ కారణం ఒకటే. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది పక్కనున్న గాలి నుంచి, మట్టి నుంచి లాగేసుకుంటుంది. ఈ విషయంలో నీటిది మామూలు ఆకలి కాదు. ఒక కిలో నీరు ఆవిరవడానికి సుమారు 2,260 కిలోజౌళ్ల వేడి పడుతుంది. మిథనాల్ అందులో సగమే పీలుస్తుంది, పెట్రోలు ఆరో వంతు కూడా పీల్చదు. లెక్క కట్టి చూస్తే, ఒక్క కిలో నీరు పూర్తిగా ఆవిరైతే వంద కిలోల గాలి ఇరవై డిగ్రీలకి పైగా చల్లబడుతుంది.

హైదరాబాద్‌లో బాగా పనిచేసే కూలర్ విశాఖలో ఉసూరుమనిపిస్తుంది. సముద్రపు గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి కొత్త నీరు ఆవిరి కాదు. మరి విమానం ఇంజన్‌కీ ఇదే చిక్కు రాదా? కొంతవరకే వస్తుంది. ఇంజన్ ముందు భాగంలో చల్లిన తుంపర తేమగాలిలో ఆవిరి కాకపోయినా, కంప్రెసర్ లోపలికి వెళ్లేకొద్దీ గాలి వేడెక్కుతుంది కదా. ఆ వేడిలో నీటి బొట్లు దారి పొడవునా ఆవిరవుతూ పోతాయి. చల్లటి గాలిని నొక్కడం తేలిక కాబట్టి కంప్రెసర్‌కి శ్రమ తగ్గుతుంది, ఒక్కో సెకనుకి పట్టే గాలి బరువు పెరుగుతుంది. కూలర్ గదిని చల్లబరచి ఊరుకుంటుంది. ఇక్కడ ఆదా అయిన శ్రమ కూడా థ్రస్ట్‌లోకి వస్తుంది.

నాకింగ్‌తో మొదలైన కథ

ఇంజన్‌లోకి నీళ్లు పంపడం జెట్‌లతో మొదలు కాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలోని పిస్టన్ ఇంజన్ ఫైటర్లకి అది చావుబతుకుల సమస్యకి మందుగా వచ్చింది.

బండి మీద ఇద్దరు ఎక్కి ఘాట్ రోడ్డులో టాప్ గేర్‌లోనే లాగిస్తుంటే ఇంజన్‌లోంచి టకటకమని చప్పుడొస్తుంది. మెకానిక్‌లు దాన్ని నాకింగ్ అంటారు. స్పార్క్ ప్లగ్ నుంచి మంట క్రమంగా పాకాల్సింది పోయి, ఇంకా మంట అందని మూలనున్న పెట్రోలు-గాలి మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమంటుంది. బండికైతే చప్పుడుతో పోతుంది. రెండు వేల హార్స్‌పవర్ విమానం ఇంజన్‌లో అయితే నిమిషాల్లో పిస్టన్లు కరిగిపోతాయి.

ఫైటర్ ఇంజన్లకి సూపర్‌ఛార్జర్ అనే పంపు ఉండేది. అది గాలిని బలవంతంగా సిలిండర్లలోకి దట్టించేది. ఎంత దట్టిస్తే అంత బలం, కానీ అంత వేడి, దాంతోపాటే నాకింగ్. దాన్ని అణచడానికి అప్పటిదాకా ఉన్న చిట్కా అవసరానికి మించి పెట్రోలు పోయడం. అదనపు పెట్రోలు మండకుండానే ఆవిరై కాస్త చల్లబరిచేది. అయితే ఆ చిక్కటి మిశ్రమం సరిగా మండక బలాన్నీ తినేసేది. ఒక రకంగా చూస్తే విలువైన పెట్రోలుని నీళ్లలా వాడుతున్నారు. పెట్రోలు కంటే ఆరు రెట్లకి పైగా వేడి పీల్చే నీళ్లనే ఆ పనికి వాడితే?

అమెరికా సంస్థ ప్రాట్ అండ్ విట్నీ తయారుచేసిన ఆర్-2800 ఇంజన్‌లో చేసింది ఇదే. నీటి మిశ్రమం ఇంజన్‌లోకి మొదలవగానే ఒక వాల్వు పెట్రోలు పాళ్లని తగ్గించి, బాగా మండే స్థాయికి తెచ్చేది. చల్లబరిచే పని నీటికి, మండే పని పెట్రోలుకి అప్పజెప్పారు. సూపర్‌ఛార్జర్ ఒత్తిడి పెంచుకోవచ్చు. కోర్సెయిర్ ఫైటర్‌లోని ఈ ఇంజన్ 2,000 హార్స్‌పవర్ నుంచి 2,250కి చేరింది. థండర్‌బోల్ట్, హెల్‌క్యాట్ ఫైటర్లు కూడా ఇదే పద్ధతి వాడాయి.

ఈ బలం అయిదు నిమిషాల ముచ్చట. చాలా అమెరికన్ ఫైటర్లలో థ్రాటిల్ (ఇంజన్ బలం పెంచే లివర్) దారికి చివర్లో అడ్డంగా ఒక సన్నటి తీగ కట్టి ఉండేది. ప్రాణం మీదికొస్తే పైలట్ ఆ తీగ తెగేలా థ్రాటిల్‌ని తోసేవాడు. దిగాక నేల మీది మెకానిక్‌కి ఇక మాటలు అక్కర్లేదు. తీగ తెగి ఉందంటే ఇంజన్‌ని హద్దు దాకా వాడారని అర్థం, తనిఖీ తప్పదు.

జర్మన్ల దారి, మరో ద్రవం

జర్మన్ల అవసరం ఇంకా గట్టిది. పెట్రోలు నాకింగ్‌ని ఎంత ఓర్చుకుంటుందో చెప్పే అంకె ఆక్టేన్. బ్రిటన్, అమెరికాల చేతిలో 100 ఆక్టేన్ పెట్రోలు, యుద్ధం చివర్లో 150 గ్రేడ్ కూడా ఉంది. నాకింగ్‌ని ఓర్చుకునే గుణం ఆ పెట్రోలుకే ఉండటంతో బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌లో మెర్లిన్ ఇంజన్ నీళ్ల జోలికి దాదాపు వెళ్లకుండానే నెట్టుకొచ్చింది. జర్మన్లకి విరివిగా దొరికేది 87 ఆక్టేన్. పెట్రోలులో లేని ఓర్పుని బయటి నుంచి తేవాల్సి వచ్చింది.

వాళ్లు తెచ్చింది ఎండబ్ల్యూ-50. సగం మిథనాల్, దాదాపు సగం నీళ్లు, తుప్పు పట్టకుండా అర శాతం నూనె. మెసర్‌ష్మిట్ 109 ఫైటర్ చివరి రకాల్లో ఇందుకోసం 115 లీటర్ల ట్యాంకు ఉండేది. ఒక్క విడతలో పది నిమిషాలకి మించి వాడకూడదు, మధ్యలో అయిదు నిమిషాల విరామం. ఒత్తిడి పెంచి వాడితే అదనంగా అయిదు వందల దాకా హార్స్‌పవర్ దొరికేది.

అయితే ఎత్తుకి వెళ్లేకొద్దీ ఈ మందు పనిచేయదు. నీళ్లు కల్పించేది ఇంకా గాలి దట్టించుకునే వీలు మాత్రమే. పైన గాలే పలచన, సూపర్‌ఛార్జర్ అప్పటికే తన శక్తి మేరకి తిరుగుతోంది, దట్టించడానికి ఏమీ మిగలదు. అక్కడ జర్మన్లు వాడిన ద్రవం వేరే, పేరు జీఎం-1. ద్రవరూపంలోని నైట్రస్ ఆక్సైడ్ అది. పళ్ల డాక్టర్లు మత్తుకి వాడే వాయువే. వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది, ఆవిరయ్యేటప్పుడు చల్లబరుస్తుంది కూడా. ఇప్పటి కార్ రేసుల్లో నైట్రో అని కేకలేసేది దీన్నే. నీరు వేడి అనే అడ్డుని తీస్తుంది, నైట్రస్ ఆక్సైడ్ గాలి లేని చోటికి గాలిని మోసుకెళ్తుంది. రెండూ ఇంజన్‌లోకి చిమ్మే ద్రవాలే గానీ తీర్చే లోటు వేరు.

మూడు సెకన్లకో బిందె

తొలితరం జెట్ ఇంజన్లు ఆకాశంలో వేగంగా పోవడానికి బాగానే ఉండేవి గానీ, రన్‌వే మీద బద్ధకం. బరువైన బాంబర్లని, గాల్లోనే ఇతర విమానాలకి ఇంధనం నింపే ట్యాంకర్లని లేపడానికి వాటి బలం చాలేది కాదు. దాంతో యుద్ధకాలపు చిట్కా జెట్‌లలోకి వచ్చింది.

జెట్‌లో నీళ్లు పోసే చోట్లు రెండు. ఒకటి కంప్రెసర్ ముందు. దీని లాభం పైన చెప్పుకున్నదే. కాకపోతే బయట చలిగా ఉంటే నీరు గడ్డకట్టి బ్లేడ్లకి తగిలే ప్రమాదం ఉంది. రెండోది కంప్రెసర్ దాటాక, మంట గదికి దగ్గర్లో. అక్కడ గాలి నొక్కుడు అయిపోయింది కాబట్టి కంప్రెసర్ శ్రమ తగ్గదు. కానీ ఆవిరి బరువు కూడా టర్బైన్ గుండా పోతుంది, పైగా మంట వేడి అదుపులో ఉండటంతో ఇంకా ఇంధనం పోసుకోవచ్చు. వెనక నుంచి చిమ్మే ప్రవాహం బరువెక్కుతుంది, థ్రస్ట్ పెరుగుతుంది.

అమెరికా వైమానిక దళం కేసీ-135ఏ ట్యాంకర్ దీనికి పేరుమోసిన ఉదాహరణ. అందులో 670 గ్యాలన్లు, అంటే సుమారు 2,500 లీటర్ల నీళ్లు నింపేవారు. అవన్నీ దాదాపు రెండు నిమిషాల్లో ఖాళీ. లెక్కేస్తే నాలుగు ఇంజన్లలో ఒక్కొక్కటీ సెకనుకి అయిదు లీటర్లకి పైగా తాగేది. మూడు సెకన్లకో బిందెడు. చెవులు చిల్లులు పడే మోత, వెనక దట్టమైన నల్లటి పొగ. నీళ్ల వల్ల మంట పూర్తిగా మండకపోవడమే ఆ పొగకి కారణం. నీళ్లు అయిపోయిన క్షణంలో థ్రస్ట్ ఒక్కసారిగా పడిపోతుంది. ఆలోగా విమానం తగినంత ఎత్తూ వేగమూ అందుకుని ఉండాలి. సిబ్బంది టెన్షన్ అంతా ఆ రెండు నిమిషాల్లోనే.

బీ-52జీ బాంబర్‌లో నీళ్ల ట్యాంకు 1,200 గ్యాలన్లు, సుమారు 4,500 లీటర్లు. ఒక్కో ఇంజన్ థ్రస్ట్ 11,200 పౌండ్ల నుంచి 13,750కి పెరిగేది. ఎనిమిది ఇంజన్ల మీద కలిపితే అదనంగా దొరికింది ఇరవై వేల పౌండ్లు. ఆ రోజుల ఇంజన్లు ఇంకా ఒకటో రెండో తగిలించినట్టే, కానీ వాటి బరువు ప్రయాణమంతా మోయక్కర్లేదు. వాడేశాక నీరు ఆవిరై పోతుంది. ఈ పద్ధతిలోని తెలివి అక్కడే ఉంది.

నీళ్లు అంటే కుళాయి నీళ్లు కావు. బోరు నీళ్లతో వాడే గీజర్ కాయిల్ మీద తెల్లటి పొర ఎలా పేరుకుంటుందో తెలిసిందే. అదే పొర కంప్రెసర్, టర్బైన్ బ్లేడ్ల మీద పేరుకుంటే గాలి దారి చెడుతుంది. అందుకని లవణాలన్నీ తీసేసిన నీటినే వాడాలి. ప్రతి స్థావరంలో అలాంటి నీటి ప్లాంటు, దాన్ని మోసే బండ్లు, చలి దేశాల్లో గడ్డకట్టకుండా వేడిచేసే ఏర్పాటు కావాలి. బలం ఉచితంగా రాలేదన్నమాట.

వేగం రికార్డులకీ నీళ్లు పనికొచ్చాయి. 1961 నవంబరు 22న అమెరికా నౌకాదళం ఫాంటమ్ ఫైటర్ గంటకి సుమారు 2,585 కిలోమీటర్ల రికార్డు పెట్టింది. ఆ వేగంలో గాలి ఇంజన్ ముందుకొచ్చేసరికే సలసలా కాగి ఉంటుంది. దాన్ని చల్లార్చడానికి కంప్రెసర్ ముందు నీటి మిశ్రమం చల్లారు.

అవ్రోలో మిథనాల్

మన దేశంలో ఈ పద్ధతిని ప్రయాణికుల విమానాలు వాడాయి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ నడిపిన వైకౌంట్, ఫోకర్ ఫ్రెండ్‌షిప్, కాన్పూర్‌లో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారుచేసిన అవ్రో, మూడింటికీ గుండెకాయ ఒకటే: రోల్స్‌రాయిస్ డార్ట్ టర్బోప్రాప్, అంటే ప్రొపెల్లర్‌ని తిప్పే టర్బైన్ ఇంజన్. కాన్పూర్ అవ్రో తొలిసారి 1961 నవంబరు 1న ఎగిరింది. వైమానిక దళంలోని అవ్రోల స్థానంలోకి ఇప్పుడు సీ-295 విమానాలు వస్తున్నాయి.

ఎండ మండే ఊళ్లలో, ఎత్తయిన విమానాశ్రయాల్లో డార్ట్ బలం తగ్గినప్పుడు నీరు-మిథనాల్ మిశ్రమం ఆ లోటు పూడ్చేది. ఇక్కడ గమనించాల్సింది, చాలాచోట్ల దీని పని కొత్త బలం ఇవ్వడం కంటే ఎండ లాక్కున్న బలాన్ని తిరిగి ఇవ్వడం. మిథనాల్‌ని గడ్డకట్టకుండా ఉండటానికే కలుపుతారని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. కంప్రెసర్ ముందు ఉత్త నీళ్లు పోస్తే గాలి చల్లబడటంతో టర్బైన్ దగ్గర వేడి కూడా తగ్గుతుంది. దాన్ని మళ్లీ పైకి తేవాలంటే ఇంధనం పెంచాలి, అందుకు ఇంధన నియంత్రణని మార్చాలి. మిథనాల్ మండుతుంది కాబట్టి మంట గదిలోకి చేరాక ఆ తగ్గిన వేడిని అదే భర్తీ చేస్తుంది. నీటి మోతాదూ, దానికి సరిపడే అదనపు ఇంధనమూ ఒకే ట్యాంకులో కలిపి పెట్టినట్టు. సాదాసీదాగా కనిపించే చక్కటి ఇంజనీరింగ్ ఇది.

విరాట్ డెక్ మీద

నీళ్లు లేకపోతే గడవని విమానం సీ హారియర్. నిట్టనిలువుగా దిగేటప్పుడు రెక్కల సాయం శూన్యం. మొత్తం బరువు ఇంజన్ థ్రస్ట్ మీదే వేలాడుతుంది. బ్రిటన్ చుట్టూ ఉన్న చల్లటి సముద్రం కోసం పుట్టిన విమానాన్ని భారత నౌకాదళం విమానవాహక నౌక విరాట్ మీద నుంచి అరేబియా సముద్రపు ఉక్కలో నడిపింది. గాలి వేడెక్కితే థ్రస్ట్ తగ్గుతుంది. వాడని ఆయుధాలతో తిరిగొస్తే బరువు ఎక్కువ. ఈ రెండూ కలిసే వేళ హారియర్ కుటుంబంలోని పెగాసస్ ఇంజన్‌కి 227 కిలోల నీళ్లు దిక్కు. అవి అందించే అదనపు బలం తొంభై సెకన్లు. ఆ లోపల ఓడ పక్కన గాల్లో నిలబడి, డెక్ మీదికి జరిగి, దిగిపోవాలి.

సీ హారియర్లు 1983లో నౌకాదళంలోకి వచ్చి 2016లో సెలవు తీసుకున్నాయి. వాటిలో ఒకటి ఇప్పుడు విశాఖ బీచ్ రోడ్డులో సందర్శకుల కోసం ఉంది. దాని పక్కల ఉన్న నాలుగు నాజిల్స్ అందరికీ కనపడతాయి. నీళ్ల ట్యాంకు మాత్రం ఒంటి లోపల ఉండిపోతుంది.

మరి వానలో?

ఇదంతా చదివాక ఒక సందేహం రావచ్చు. వానలో ఎగిరితే ఉచితంగా బలం పెరగాలి కదా? పెరగదు. ఇంజన్‌కి కావలసిన నీరు సన్నటి తుంపరగా, లెక్క ప్రకారం, సరైన చోట పడాలి. తుఫాను మేఘంలో వడగళ్లు, కుండపోత ఒక్కసారిగా మంట గదిలోకి చేరితే పొయ్యి ఆరినట్టు ఆరిపోతుంది. 1988 మే 24న టాకా సంస్థ బోయింగ్ 737-300కి అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ దగ్గర ఇదే జరిగింది. రెండు ఇంజన్లూ ఆరిపోగా పైలట్లు ఒక కట్ట పక్కన గడ్డి నేల మీద దించారు, అందరూ బతికారు. ఆ తర్వాత ఆ ఇంజన్‌లో నీటినీ వడగళ్లనీ లోపలికి పోనీయకుండా బయటి అంచుకి విసిరేసేలా ముందున్న శంకువు ఆకారం సహా మార్పులు చేశారు. ఒక తరం ఇంజనీర్లు నీళ్లు పంపడానికి దారులు వేస్తే, తర్వాతి తరం నీళ్లు రాకుండా అడ్డుకట్టలు వేసింది.

ఇప్పటికీ ఇంజన్‌లోకి మామూలుగా వెళ్లే నీళ్లు ఒకటున్నాయి, అవి స్నానపు నీళ్లు. దుమ్ము, ఉప్పు పేరుకున్న కంప్రెసర్‌ని లవణాలు లేని నీటితో కడుగుతారు. మంట వెలిగించకుండా స్టార్టర్‌తో ఇంజన్‌ని తిప్పుతూ నీళ్లు చల్లితే మురికి పోయి ఇంధనం కాస్త ఆదా అవుతుంది.

ఫ్యాన్ వచ్చింది, ట్యాంకు పోయింది

నీళ్ల ట్యాంకుని మాయం చేసింది టర్బోఫ్యాన్. బోయింగ్ 707 మొదటి రకంలోని ఇంజన్ నీళ్లు తాగి 13,500 పౌండ్ల థ్రస్ట్ ఇచ్చేది. అదే ఇంజన్ ముందు ఫ్యాన్ తగిలించి, కొన్ని మార్పులు చేస్తే నీళ్ల చుక్క లేకుండా 17,000 పౌండ్లు వచ్చింది. తక్కువ ఇంధనం, తక్కువ పొగ, తక్కువ మోత. బీ-52లో చివరి రకం హెచ్‌కి ఆ ఫ్యాన్ ఇంజన్లే పెట్టి నీళ్లకి స్వస్తి చెప్పారు. ఇంకా ఆ పాత ఇంజన్లతో తిరుగుతున్న ట్యాంకర్లకి 1980ల నుంచి సుమారు 22,000 పౌండ్ల సీఎఫ్ఎం-56 ఫ్యాన్ ఇంజన్లు వచ్చాయి.

ఫ్యాన్ ఇంజన్‌లో నీళ్లు ఎందుకు పెద్దగా పనిచేయవో అంకెలే చెబుతాయి. తొలి బోయింగ్ 747లకి కూడా నీళ్ల ఏర్పాటు ఉండేది. దాని ఇంజన్ థ్రస్ట్ సుమారు 43,500 పౌండ్ల నుంచి 45,000కి పెరిగేది. మూడు శాతం పైచిలుకు. బీ-52జీలో అది ఇరవై మూడు శాతం. ఫ్యాన్ ఇంజన్‌లో థ్రస్ట్‌లో పెద్ద వాటా మంట గది దరిదాపులకి పోకుండా పక్క నుంచి వెళ్లిపోయే చల్లటి గాలిది. నీళ్లు చల్లబరిచేది మధ్యనున్న వేడి భాగాన్ని. మూడు శాతం కోసం ట్యాంకు, పంపులు, శుద్ధిచేసిన నీటి ప్లాంటు భరించడం ఏ విమాన సంస్థకీ గిట్టుబాటు కాదు.

అదే కాలంలో టర్బైన్ బ్లేడ్లూ మారాయి. బ్లేడు లోపల సన్నటి దారులు చేసి, కంప్రెసర్ నుంచి తెచ్చిన గాలిని వాటి గుండా పోనిచ్చి, చిన్న రంధ్రాల్లోంచి బయటికి వదిలితే బ్లేడు చుట్టూ చల్లగాలి పొర ఏర్పడుతుంది. లోహం కరిగే వేడి కంటే ఎక్కువ వేడిలో బ్లేడు తిరగగలుగుతోంది. లోహమంతా ఒకే స్ఫటికంగా పోతపోసిన ఏకస్ఫటిక బ్లేడ్లు ఆ ఓర్పుని ఇంకా పెంచాయి. హైదరాబాద్‌లోని రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ హెలికాప్టర్ ఇంజన్ కోసం అలాంటి బ్లేడ్లు తయారుచేసి 2021లో హెచ్‌ఏఎల్‌కి అందించింది. వేడికి ఓర్చుకునే హద్దే జరిగిపోయినప్పుడు, ఆ హద్దు దగ్గర రెండు నిమిషాల ఊరట కోసం నీళ్లెందుకు?

ఇప్పుడు చాలా ఇంజన్లు 30 డిగ్రీల వరకు పూర్తి థ్రస్ట్ ఇచ్చేలా ముందే కాస్త మిగులు బలంతో తయారవుతున్నాయి. దానిపైన ఎండ పెరిగితే సామానో ప్రయాణికులో తగ్గించుకోవడం, లేదా చల్లటి వేళకి సర్వీసు మార్చుకోవడం విమాన సంస్థలకి నీళ్ల కంటే చవక.

పొగగొట్టంలోని నీరు

నీటి మీద మళ్లీ ఆసక్తి రావడానికి కారణం థ్రస్ట్ కాదు. మంట వేడి బాగా పెరిగితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. విమానాశ్రయాల చుట్టుపక్కల గాలిని పాడుచేసేవాటిలో ఇవి ముఖ్యం. నీళ్లు మంటని చల్లబరిస్తే ఇవి తగ్గుతాయి. నేల మీది గ్యాస్ విద్యుత్ కేంద్రాల్లో ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. విమానాల్లో టేకాఫ్ వేళ కంప్రెసర్ ముందు తుంపర చల్లితే ఈ ఆక్సైడ్లు దాదాపు సగానికి తగ్గొచ్చని 2004లో నాసా కోసం బోయింగ్ చేసిన అధ్యయనం లెక్కగట్టింది.

అసలు మలుపు ఆ తర్వాతి ఆలోచనది. పాత పద్ధతిలోని పెద్ద లోపం నీళ్లని మోయడం. కానీ ఒక కిలో కిరోసిన్ మండితే సుమారు 1.24 కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది. ఆకాశంలో విమానం వెనక తెల్లటి గీతలు గీసేది ఆ తేమే. విమానం తన నీళ్లు తానే తయారుచేసుకుని వెనక పారబోస్తోంది. దాన్ని పట్టుకోగలిగితే?

మ్యూనిక్‌కి చెందిన ఎంటీయూ సంస్థ ఈ దారిలోనే ఒక ఇంజన్ మీద పనిచేస్తోంది. వెనక నుంచి వెళ్లే వేడి వాయువులని చల్లబరచి, నీరు వేరుచేసి, ఆ వాయువుల వేడితోనే దాన్ని ఆవిరి చేసి తిరిగి మంట గదిలోకి పంపుతారు. వృథా అయ్యే వేడి కొంత పనిలోకి వస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి, తేమని పట్టేసుకోవడంతో తెల్లటి గీతలూ తగ్గుతాయని ఆశ. అమెరికాలో ప్రాట్ అండ్ విట్నీ 2022లో ప్రకటించిన పథకం హైడ్రోజన్‌తో. ఒక కిలో హైడ్రోజన్ మండితే తొమ్మిది కిలోల నీరు వస్తుంది కాబట్టి అక్కడ పట్టుకోవడానికి నీటికి కొదవ లేదు. ఆర్-2800లో నీళ్లు వాడింది కూడా ఈ సంస్థే. అప్పుడు అయిదు నిమిషాల బలం కోసం, ఇప్పుడు ప్రయాణమంతా ఇంధనం ఆదా కోసం.

చిక్కంతా ఆవిరిని నీరుగా మార్చే కండెన్సర్ దగ్గరుంది. అది పెద్దది, బరువైనది, గాలికి అడ్డం. దాన్ని చల్లబరచడానికి వాడేది బయటి గాలినే. పది కిలోమీటర్ల ఎత్తులో సున్నాకి ఎంతో దిగువనున్న గాలి ఆ పని ఇట్టే చేసిపెడుతుంది. 42 డిగ్రీల రన్‌వే మీద అలా కాదు. ఇంజన్‌కి నీటి దాహం అన్నిటికంటే ఎక్కువ వేసే చోటే నీరు పట్టడం అన్నిటికంటే కష్టం.